కొనొద్దు, విప్పండి!

ఐదో సెమ్ మొదలైన రెండో వారంలోనే మన క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. మీరూ చూసే ఉంటారు. "మినీ ప్రాజెక్ట్, బ్యాచ్‌కి 8 వేలు, కోడ్ ప్లస్ రిపోర్ట్ ప్లస్ పీపీటీ, రివ్యూ ప్రశ్నలకు జవాబులు ఫ్రీ." ఆ "ఫ్రీ" అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. తర్వాత కాస్త సిగ్గేసింది. ఎందుకంటే మా బ్యాచ్ నలుగురం అప్పటికే తలా 2 వేలు వేసుకుందామని మాట్లాడుకున్నాం.

నేను రాయబోయేది ఆ 8 వేలు కట్టకుండా మేం చేసిన పని గురించి. మేం గొప్పోళ్ళమని చెప్పడానికి కాదు. డబ్బు లెక్కలో చూస్తే మేమే నష్టపోయాం. అయినా నా అభిప్రాయం ఒకటుంది: ప్రాజెక్టు పేరుతో కొత్తది కొనడం కంటే, పాతది ఏదో ఒకటి విప్పి మళ్ళీ పనిచేయించడంలోనే మనకు ఇంజనీరింగ్ దొరుకుతుంది. తెలుగులో వ్యాసం రాయడం నాకిదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఒత్తులు తప్పితే క్లబ్ వాళ్ళు దిద్దుతామన్నారు, ఆ ధైర్యంతో మొదలుపెడుతున్నా.

అటక మీది పడవ

మా అమ్మమ్మ వాళ్ళది పీలేరు దగ్గర పల్లె. అక్కడ ప్రతి రెండో ఇంటి నుంచి ఒకరు కువైట్‌కి పోయుంటారు. మా మామ కూడా పదకొండేళ్ళు అక్కడ డ్రైవర్‌గా ఉన్నాడు. ఆ యజమాని కొడుకు శుక్రవారం వస్తే సముద్రం ఒడ్డున రిమోట్ పడవలు తోలేవాడట. ఒకదాని మీద మోజు తీరిపోయి మామకు ఇచ్చేశాడు. మామ దాన్ని అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ దుప్పట్లు చుట్టి, 2012లో ఇంటికి తెచ్చాడు. అందరూ బంగారం తెస్తే నువ్వు బొమ్మ తెచ్చినావని అత్త ఇప్పటికీ అంటుంది.

పొడవు 70 సెంటీమీటర్లు. ఎర్ర ఫైబర్ డొప్ప, లోపల 3 సీసీ నైట్రో ఇంజను. పెట్రోలుతో నడవదు. దాని ఇంధనంలో మూడు ఉంటాయి: మిథనాల్, నైట్రోమీథేన్, నూనె. ఆ నూనె చాలా బ్రాండ్లలో ఏమిటో తెలుసా? ఆముదం! మన చేలల్లో కాసే ఆముదమే. విపరీతమైన వేడిలో కూడా లోహానికి అంటుకుని ఉంటుంది కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఇంజన్లకూ అదే వాడారు. మా అమ్మమ్మ నా నెత్తికి పెట్టిన నూనె, విమానానికి పెట్టిన నూనె ఒకటేనని తెలిసిన రోజు నాకు అమ్మమ్మ మీద గౌరవం పెరిగింది.

అయితే ఆ ఇంధనం విమానంలో తేవడానికి కుదరదు. మామ ఎవరెవరినో పట్టుకుని బెంగళూరు నుంచి ఒక డబ్బా తెప్పించాడు. ఇంధనం వచ్చేసరికి చెరువులో నీళ్ళు లేవు. మన వైపు చెరువుల సంగతి తెలిసిందే కదా, కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, నీళ్ళే ఉండవు. 2015 నవంబర్‌లో వానలు దంచినప్పుడు చెరువు నిండింది. అప్పుడు తోలాడు, మొత్తం నాలుగుసార్లు. నేను చిన్నోణ్ణి, కట్ట మీద నిలబడి చూశాను. ఆ శబ్దం ఇప్పటికీ గుర్తుంది. పెద్ద తేనెటీగ చెవిలో దూరినట్టు. నీలం పొగ, ఆముదం కాలిన వాసన, కట్ట మీద ఊరు ఊరంతా.

ఆ తర్వాత ఇంధనం అయిపోయింది. పడవ అటక ఎక్కింది. నేను మళ్ళీ దింపేసరికి ఇంజను బిగుసుకుపోయి ఉంది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో బేరింగులు తుప్పు పట్టాయి. మిగిలిన ఆముదం జిగురై పిస్టన్‌ను పట్టేసింది.

"పొయ్యి తీసేసి స్టవ్ పెడతానంటావు, అంతేగా?"

దీన్ని ఎలక్ట్రిక్ చేద్దామని నేనంటే మామ అన్న మాట అది. ఇష్టం లేదని ముఖంలోనే తెలిసింది. ఆయన వైపు నుంచి ఆలోచిస్తే న్యాయమే. నైట్రో ఇంజను స్టార్ట్ చేయడం ఒక విద్య. గ్లో ప్లగ్ అని ఒకటుంటుంది, లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగ. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చాలి. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేయొచ్చు, మిథనాల్ ఆవిరి తగిలి తీగ తనంతట తానే వేడిగా ఉంటుంది. తర్వాత నీడిల్ స్క్రూ ఒక పిసరు అటు, ఒక పిసరు ఇటు తిప్పుతూ శబ్దం విని ట్యూన్ చేయాలి. ఇంధనం తక్కువైతే ఇంజను కాలిపోతుంది, ఎక్కువైతే నత్తి కొడుతుంది. మామ మీటర్ లేకుండా, చెవితో చేసేవాడు.

అదంతా తీసేసి నేను ఒక స్విచ్ పెడతానంటున్నాను.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఇంజను పారేయకూడదు. యాడ బోల్టు ఆడ పెట్టి నాకియ్యాల." సరేనన్నాను.

ఏం తీశాం, ఏం పెట్టాం

తీసినవి: ఇంజను, ఇంధనం ట్యాంకు, సైలెన్సర్ పైపు, కార్బురేటర్‌ను తిప్పే సర్వో మోటారు. ఉంచినవి: డొప్ప, చుక్కాని, దాని సర్వో, ప్రొపెల్లర్‌కి పోయే తీగల షాఫ్ట్, చల్లబరిచే నీళ్ళ గొట్టం. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. పడవ కదిలినప్పుడు వెనకాల చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ఎక్కి ఇంజను తల చుట్టూ తిరిగి బయటికి పోయేవి. అదే గొట్టాన్ని ఇప్పుడు మోటారుకీ, స్పీడ్ కంట్రోలర్‌కీ తిప్పాం. పాత డిజైనర్ ఎవరో మనకు సగం పని చేసిపెట్టాడు.

పెట్టినవి: 36 మిల్లీమీటర్ల వెడల్పు, 60 పొడవు ఉన్న బ్రష్‌లెస్ మోటారు, 120 ఆంపియర్ల వాటర్ కూల్డ్ స్పీడ్ కంట్రోలర్, నాలుగు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ.

మోటారు ఎంచుకోవడానికి ఒక చిన్న గుణకారం చాలు. బ్రష్‌లెస్ మోటారు మీద కేవీ అని ఒక అంకె ఉంటుంది, ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె. మాది 2000. బ్యాటరీలో ఒక్కో సెల్ 3.7 వోల్టులు, నాలుగు కలిపి 14.8. గుణిస్తే 29,600 చుట్లు, అదీ లోడ్ లేనప్పుడు. ఈ సైజు పడవలకు 25 నుంచి 35 వేల మధ్య ఉంటే సరిపోతుంది. కేవీ ఎక్కువున్న మోటారు కొందామని మా వాడొకడు పట్టుబట్టాడు, "స్పీడ్ రా మచ్చా" అని. చుట్లు పెరిగితే ఆంపియర్లు పెరుగుతాయి, ఆంపియర్లు పెరిగితే వేడి పెరుగుతుంది. వాడికి కాగితం మీద చూపించేదాకా ఒప్పుకోలేదు.

బరువు ఎక్కడ ఉండాలన్నది రెండో లెక్క. ఇలాంటి పడవకు బరువు కేంద్రం వెనక నుంచి పొడవులో 30 శాతం దగ్గర ఉంటే మంచిది. మా 70 సెంటీమీటర్ల పడవకు 21 దగ్గర. ఇంజను తీసేశాక మొత్తం లెక్క మారింది. బ్యాటరీని వెల్‌క్రోతో ముందుకీ వెనక్కీ జరుపుతూ, రెండు వేళ్ళ మీద డొప్పను నిలబెడుతూ సాయంత్రమంతా గడిచింది. ముక్కులో థర్మాకోల్ కాకుండా మూసిన గాలి గదులున్న ఫోమ్ కుక్కాం, మునిగినా తేలాలని.

మేం సీఎస్‌ఈ కదా, మా భాగం కూడా ఉండాలి. ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, 100 ఆంపియర్ల కరెంట్ సెన్సర్ ఒకటి, మోటారు మీద ఒక ఉష్ణోగ్రత సెన్సర్. రిసీవర్ నుంచి వచ్చే సిగ్నల్ మా బోర్డు గుండా స్పీడ్ కంట్రోలర్‌కి పోతుంది. మోటారు బాగా వేడెక్కినా, బ్యాటరీ సెల్ 3.3 వోల్టుల కిందకు పోయినా మా కోడ్ వేగం తగ్గిస్తుంది. సెకనుకు పదిసార్లు అంకెలన్నీ మెమరీ కార్డులోకి రాస్తుంది.

మొత్తం ఖర్చు సుమారు 14 వేలు. తలా 3,500. కొనుక్కునుంటే తలా 2 వేలే.

"సీఎస్‌ఈ వాళ్ళకి పడవెందుకు?"

మొదటి రివ్యూలో వచ్చిన మొదటి ప్రశ్న ఇది. పక్కన మూడు బ్యాచ్‌లు ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ చూపిస్తున్నాయి, మేం బురద మరకలున్న ఎర్ర డొప్ప పట్టుకుని నిలబడ్డాం.

నేను చెప్పిన జవాబు టెస్లా. కారు కంపెనీ కాదు, మనిషి. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ఎలక్ట్రికల్ ఎగ్జిబిషన్‌లో నికోలా టెస్లా ఒక నీళ్ళ తొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. అదే ఏడాది నవంబర్ 8న దానికి పేటెంట్ వచ్చింది, నంబర్ 613,809. మన చేతిలోని రిమోట్ కార్లు, డ్రోన్లు అన్నింటికీ అది ముత్తాత. ఆ పడవ దేనితో నడిచిందో తెలుసా? బ్యాటరీతో, ఎలక్ట్రిక్ మోటారుతో. అంటే నైట్రో మధ్యలో వచ్చింది. బ్యాటరీలు బరువుగా, బలహీనంగా ఉన్న కాలంలో పొగ ఇంజను గెలిచింది. లిథియం బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు చవకయ్యాక కథ మొదలైన చోటికే వచ్చింది. మేం మామ పడవను మార్చలేదు, దాని ముత్తాత దగ్గరికి తీసుకెళ్ళాం.

రివ్యూలో మేడమ్ నవ్వి, "సరే, మరి మునిగితే?" అన్నారు. "మునిగితే రిపోర్టులో రాస్తాం మేడమ్" అన్నాను. పెద్ద డైలాగ్ కొట్టాననుకున్నా. రెండు వారాల తర్వాత ఆ మాట నిజంగానే రాయాల్సి వచ్చింది.

ఆ పదకొండు సెకన్లు

మొదటి పరుగు మా ఊరి చెరువులోనే. ఆదివారం పొద్దున. మామ కట్ట మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పడవ లేచింది చూడండి! శబ్దం లేదు, సన్నగా ఈల వేసినట్టు, వెనకాల తెల్లటి నీటి తోక. మా వాళ్ళు కేకలు. రెండు చుట్లు బాగా తిరిగింది.

మూడో చుట్టులో నేను రిమోట్‌ను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను. వెనక మూత వదులుగా ఉంది, ఒక సెల్ కదిలి రిమోట్ ఆగిపోయింది. పడవ మాత్రం ఆగలేదు. ఉన్న వేగంతో, ఉన్న దిక్కులో, నేరుగా ఎనుములు కడుగుతున్న పిలకాయల వైపు పోయింది. ఇద్దరూ పదేళ్ళ లోపు వాళ్ళు. నేను రిమోట్ మీద బటన్లు నొక్కుతూనే ఉన్నా. మామ "బైటికి రండ్రా!" అని అరిచిన అరుపుకి వాళ్ళు పక్కకు దూకారు. పడవ ఒక ఎనుము కొమ్ముల పక్కగా పోయి తుమ్మ కంపలో ఇరుక్కుని, అక్కడ కూడా ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది. సెల్ మళ్ళీ నొక్కి పెట్టాక ఆగింది.

తర్వాత లాగ్ తీసి చూస్తే మొత్తం 11 సెకన్లు. ఆ ప్రొపెల్లర్ అంచు బ్లేడులా ఉంటుంది, నిమిషానికి ఇరవై వేలకు పైగా చుట్లు. ఎవరికీ ఏం కాలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా కోడ్‌లో ఏం తప్పుంది? నిజానికి ఏమీ లేదు. సిగ్నల్ రాకపోతే మోటారు ఆపమని రాశాను. టేబుల్ మీద వైరు పీకి పరీక్షించాను, ఆగింది. కానీ మా రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ "హోల్డ్" మీద ఉంది. రిమోట్ పోయినా, చివరగా వచ్చిన సిగ్నల్‌నే అది మళ్ళీ మళ్ళీ పంపుతూ ఉంటుంది. నా కోడ్ వైపు నుంచి చూస్తే సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తోంది, అన్ని టెస్ట్ కేసులూ పాస్. నేను వైరు పీకి చూశాను గానీ రిమోట్ ఆపి చూడలేదు. రిమోట్ ఆపితే రిసీవర్ "సున్నా వేగం" పంపేలా సెట్టింగ్ మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఇక్కడే నా అసలు వాదన ఉంది. కొన్న ప్రాజెక్టులో ఇలాంటిది జరగదు. అది ముందే పనిచేస్తూ వస్తుంది, రివ్యూ రోజు కూడా పనిచేస్తుంది. మన కోడ్ చూసే ప్రపంచం, నిజంగా ఉన్న ప్రపంచం వేరువేరు అని అది ఎప్పటికీ మనకు చెప్పదు. రేపు మనలో ఎవరో ఒకరం బస్సు బ్రేకుకో, హాస్పిటల్లో పంపుకో కోడ్ రాస్తాం. రిమోట్ ఆపి చూడాలన్న బుద్ధి అప్పుడు రావడం కంటే, చెరువు దగ్గర రావడం మంచిది కదా.

మామ చెవి

రెండో పరుగుకి పిలకాయలనూ ఎనుములనూ బయటికి పంపేశాకే దించాం. ఈసారి రిమోట్ బాగుంది, పడవే నీరసంగా ఉంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి లాగ్ లోడ్ చేస్తున్నాను. మామ ఇంకా కట్ట మీదే ఉన్నాడు, అక్కడి నుంచే అన్నాడు: "అల్లుడా, షాఫ్టు ఒరుసుకుంటాండాది. వెనకాల చూడు."

పది నిమిషాల తర్వాత నా గ్రాఫ్ కూడా అదే చెప్పింది, సరిగ్గా అదే కాదు, కరెంట్ ఎక్కువ తాగుతోందని మాత్రమే. 60 ఆంపియర్లు దాటుతోంది. ఎందుకో చెప్పలేదు. మామ చెప్పిన చోట చూస్తే నిజం. ఆ షాఫ్ట్ గట్టి కడ్డీ కాదు, మెలేసిన తీగ. లోడ్ పడ్డప్పుడు మెలి బిగిసి కొంచెం పొట్టిదవుతుంది. అందుకని ప్రొపెల్లర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. నేను నీట్‌గా ఉండాలని సందు లేకుండా బిగించాను. సందు వదిలాక సగటు 45 ఆంపియర్లకు దిగింది. 5000 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీలో 80 శాతమే వాడాలి కాబట్టి, దగ్గర దగ్గర 5 నిమిషాల 20 సెకన్ల పరుగు.

ఇంజను పోతే మామ విద్య కూడా పోతుందనుకున్నా. పోలేదు. గ్రాఫ్ ఎంత అని చెప్పింది, మామ ఎక్కడ అని చెప్పాడు. రిపోర్టులో పరికరాల పట్టికలో "శ్రవణ పరీక్ష" అని ఒక లైను పెట్టాం. మేడమ్ కొట్టేయలేదు.

బ్యాటరీ దేవుడేం కాదు

ఇదంతా చదివి "ఎలక్ట్రిక్ అంటే మంచిది, పొగ అంటే చెడ్డది" అని రాస్తున్నాననుకోకండి. లెక్కలు అలా చెప్పవు. మా బ్యాటరీ అర కిలో బరువు, అందులో ఉన్నది 74 వాట్ అవర్లు. 100 మిల్లీలీటర్ల నైట్రో ఇంధనంలో 300 పైనే ఉంటాయి. ఆ చిన్న ఇంజను అందులో ఎక్కువ భాగాన్ని వేడిగా, శబ్దంగా, కాలని ఇంధనంగా బయటికి పారేస్తుంది కాబట్టే మన మోటారు దానితో పోటీ పడగలుగుతోంది. నైట్రో అయితే ట్యాంకు నింపి మళ్ళీ తోలొచ్చు. మాకు గంటసేపు ఛార్జింగ్. లిథియం పాలిమర్ ఉబ్బితే, గుచ్చుకుంటే మంట. పక్కన మనిషి లేకుండా ఛార్జ్ పెట్టకూడదు. పని లేనప్పుడు ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. మిథనాల్ మాత్రం తక్కువేం కాదు, కడుపులోకి పోతే చూపు పోయే విషం. రెండింటికీ జాగ్రత్త కావాలి, వేరే వేరే రకాల జాగ్రత్త.

ఈ లెక్క మన కళ్ళ ముందే పెద్ద సైజులో నడుస్తోంది. 2022 సెప్టెంబర్ నుంచి తిరుమల ఘాట్ రోడ్డులో ఏపీఎస్‌ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. దిగేటప్పుడు ఆ బస్సు మోటారే జనరేటరై కొంత కరెంటును బ్యాటరీకి తిరిగిస్తుంది. ఎక్కిన బస్సు ఎలాగూ దిగాల్సిన కొండకు ఇంతకంటే తగినది ఏముంటుంది? అదే నెలలో తిరుపతిలోని మునోత్ లిథియం సెల్ ఫ్యాక్టరీలో ప్రీ-ప్రొడక్షన్ రన్‌ను అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రారంభించారు. కరకంబాడిలో అమరరాజా 1985 నుంచి ఉన్న సంస్థ. అంటే బ్యాటరీ మనకు దూరపు సంగతి కాదు, మన ఊరి బస్సు రూట్‌లో ఉంది. కానీ మనలో ఎంతమంది ఒక సెల్ వోల్టేజ్ చేత్తో కొలిచి చూశాం?

పడవల సంగతి కూడా అంతే. మన జిల్లాలో పడవ అంటే అందరికీ తెప్పోత్సవమే గుర్తొస్తుంది. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పులికాట్ సరస్సు వైపు కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడ ఇరకం దీవి జనం పడవ మీదే పోతారు, వస్తారు. చలికాలంలో ఫ్లెమింగోలు వచ్చే నీళ్ళవి. కేరళలో వైకోం దగ్గర 75 మందిని ఎక్కించుకునే "ఆదిత్య" అనే సోలార్ ఫెర్రీ 2017 నుంచి నడుస్తోంది. కొచ్చిలో 2023 నుంచి వాటర్ మెట్రో ఉంది. మన వైపు కూడా ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒక డీజిల్ పడవ ఇంజను విప్పుతారు. విప్పేవాళ్ళు మనలోంచే వస్తే బాగుంటుందని నా ఆశ. బొమ్మ పడవ చేసినంత మాత్రాన పెద్ద పడవ వచ్చేసినట్టు కాదు, తెలుసు. కానీ బరువు కేంద్రం, చల్లబరిచే నీళ్ళు, ఫెయిల్‌సేఫ్ అన్న మాటలు మొదటిసారి అక్కడ వినకూడదు.

మరి కొన్నవాళ్ళు?

నా రూమ్మేట్ బ్యాచ్ కొన్నారు. వాళ్ళకు మాకంటే రెండు మార్కులు ఎక్కువే వచ్చాయి. వాడు నాతో అన్నది న్యాయంగా ఇక్కడ రాయాలి: "నువ్వు చెరువు చుట్టూ తిరిగిన రెండు నెలలు నేను కోడింగ్ ప్రాబ్లమ్స్ చేశాను. ప్లేస్‌మెంట్‌లో నీ పడవని అడుగుతారా?" అడగకపోవచ్చు. ఇంట్లో అప్పు తీర్చాల్సినవాడికి ఉద్యోగం ముందు, పడవ తర్వాత. వాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు. మామకు పడవ ఉంది కాబట్టి నాకు కుదిరింది. అందరి అటక మీదా పడవ ఉండదు.

అందుకే నాది విద్యార్థులకు నీతి బోధ కాదు, కాలేజీలకు ఒక విన్నపం. ప్రతి కాలేజీలో ఒక స్టోర్ రూమ్ ఉంటుంది. అందులో కాలిపోయిన యూపీఎస్‌లు, ఆగిపోయిన ప్రింటర్లు, పాత మోటార్లు, స్క్రీన్ పోయిన ఓసిలోస్కోపులు దుమ్ము తింటుంటాయి. ఐదో సెమ్ మొదట్లో ఆ గది తాళం తీయండి. జాబితా రాసి గోడకు అంటించండి. బ్యాచ్‌కి ఒకటి ఇవ్వండి. పాత వస్తువుకి రెడీమేడ్ కోడ్ ఎవరూ అమ్మలేరు, ఎందుకంటే ఒక్కో వస్తువు ఒక్కో రకంగా చెడిపోయి ఉంటుంది. ఖర్చు కూడా మా అంత కాదు. మార్కుల్లో కొంత భాగం "ఏం పాడైంది, ఎలా కనుక్కున్నారు" అన్నదానికి పెట్టండి. పనిచేయకపోయినా మార్కులు వస్తాయని తెలిస్తే ఆ 8 వేల మెసేజ్‌కి గిరాకీ దానంతట అదే తగ్గుతుంది.

మనకూ ఒక మాట. ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అటక మీద చూడండి. తాతగారి రేడియో, ఆగిపోయిన మిక్సీ, తిరగని టేబుల్ ఫ్యాను, ఏదైనా సరే. ప్లగ్ పీకేసి, స్క్రూడ్రైవర్ పట్టుకోండి. మళ్ళీ బిగించడం రాకపోతే ఇంట్లో తిట్లు గ్యారంటీ, ఆ మాట ముందే చెప్తున్నా.

మా పడవ ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో గాజు బీరువాలో ఉంది. మామకు ఇచ్చిన మాట ప్రకారం ఇంజను, బోల్టులన్నీ ఒక స్వీట్ డబ్బాలో పెట్టి ఇచ్చాను. పోయిన నెల ఊరికి పోతే, వరండాలో కూర్చుని ఆయన దాన్ని వేడినీళ్ళలో ఉడకబెట్టి, గేర్ ఆయిల్ పోసి, కొత్త బేరింగులు వేసి తిప్పుతున్నాడు. పిస్టన్ కదిలింది. నా వైపు చూడకుండానే అడిగాడు:

"ఆ ఇంధనం ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమో చూడరా."